మిషను తాగే నీళ్ళు

మా బావ గదిలోంచి బయటికి పోయేటప్పుడు వెనక ఎవరైనా ఉన్నారా అని చూడడు. లైటు ఆర్పేసి చక్కా పోతాడు. నేను పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుని ఉంటే, చేతిలో ఎర్ర పెన్ను ఉండగానే చీకటి పడిపోయేది. "బావా, మనిషినున్నాను ఇక్కడ" అని అరిస్తే మళ్ళీ వచ్చి లైటు వేసి, "ఉన్నానని ముందే సెప్పాల కదే" అనేవాడు, తప్పంతా నాదే అన్నట్టు.

బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచాను కాబట్టి అరవై దాటాక కూడా నోటికి ఇంకో పిలుపు రాదు. కాస్త వరి, నాలుగు కొబ్బరిచెట్లు, ఇంటి వెనక కూరగాయల మడి, అదీ తన లోకం. నేను దగ్గర్లోని బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఊరు కోటబొమ్మాళి నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. చెప్పుకోదగ్గ ఊరేం కాదు.

ఈ బుద్ధి బావకి వాళ్ళమ్మ నుంచి వచ్చింది. మా ఊరి బావుల్లో ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు ఉప్పు తేలతాయి. తాగేనీళ్ళకి జీడితోటల అవతల ఒకటే నుయ్యి. అత్త అక్కణ్ణుంచి బిందె మీద బిందె పెట్టుకుని మోసేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి చెంబులో మిగిలిన నీళ్ళు అలవాటు కొద్దీ వాకిట్లోకి విసిరేశాను. అత్త గుమ్మంలోంచి చూసింది. "మోసింది నాను. పారబొయ్యడానికి నువ్వెవులే?" అంది. సొంత మేనకోడలినని కూడా చూడలేదు. ఆ రోజు మూల కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు మా అమ్మాయి పిల్లలు వచ్చి కుళాయి వదిలేస్తే నా నోట్లోంచి అదే మాట వస్తుంది.

అత్త దగ్గర ఏదీ ఒక్కసారి వాడి పారెయ్యడం ఉండేది కాదు. బియ్యం మొదట కడిగిన నీళ్ళు గేదె కుడితిలోకి, రెండోసారి కడిగినవి పులుసులోకి. వార్చిన గంజిలో ఉప్పు వేసి పొలానికి పోయేవాళ్ళకి. స్నానం అరటి పాదు పక్కన రాతి పలక మీద, మన ఒంటి మీది నీళ్ళు తిన్నగా అరటి మొదట్లోకి పోవాలి. పప్పు సంగతి మరీ విచిత్రం. గిన్నె రెండు పొంగులు రాగానే దించేసి, పాత గోనెసంచిలో వరిగడ్డి కూరి, ఆ గడ్డి మధ్యలో మూతపెట్టిన గిన్నెని కూర్చోబెట్టి సంచి మూతి బిగించేది. మనం కలుపు తీసి వచ్చేసరికి పప్పు తనంతట తనే మెత్తగా ఉడికి ఉండేది. పుల్లలు మిగిలేవి. అత్త పోయింది, గ్యాసొచ్చింది, కుళాయి వచ్చింది, మోటారొచ్చింది, ఆ గోనెసంచి మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. పప్పు పొంగితే చాలు, బావ ఎక్కడున్నా వాసన పట్టి వచ్చి, "ఇంక ఆపీ, మిగతాది అదే ఉడుకుతాది" అనేవాడు.

నెల్లిమర్లలో ఉంటున్న మా అమ్మాయి ఒక ఏడాది ఫ్రిజ్ పంపించింది. చలికాలం రాగానే బావ దాని ప్లగ్గు పీకేశాడు. "బయటే ఇంత సలిగున్నాది. దీనికేటి పని?" అన్నాడు. మళ్ళీ మామిడికాయలొచ్చే రోజుల దాకా అందులో ఉల్లిపాయలు దాచుకున్నాం. మా ఆడపడుచు మొగుడు పండగకి వచ్చి, మొహం నిండా సబ్బు పట్టించుకుని, కళ్ళు మూసుకుని కుళాయి కోసం తడుముకుంటుంటే నీళ్ళు రాలేదు. ఎక్కడొస్తాయి? ఆయన సబ్బు రాసుకునేంత సేపూ నీళ్ళు ఊరికే పోతున్నాయని బావ వెనక నుంచి వచ్చి కట్టేసి పోయాడు. ఆ అల్లుడుగారు మళ్ళీ మా ఇంట్లో స్నానం చెయ్యలేదు.

మా బడిలో ఏటేటా పొదుపు వారం అని జరిపించేవారు. పిల్లల చేత కరెంటు ఆదా, నీటి ఆదా అని అట్టల మీద రాయించి ఊరేగించేవాళ్ళం. ఆ అట్టలు రాత్రి ఇంట్లో నేనే రాసేదాన్ని. బావ పక్కన నిలబడి చూసి, "దీనికో వారమేటే? మిగతా వారాలు ఏటి సేస్తారు?" అన్నాడు. అని లైటు ఆర్పబోయి, నేనున్నానని ఆగాడు.

ఇదంతా నవ్వుతూ చెప్తున్నాను గానీ ఇలాంటి మనిషితో కాపురం ఒళ్ళు హూనం చేస్తుంది. కుళాయి కట్టేసేది బావే. కానీ కడిగిన నీళ్ళు బకెట్లోకి పట్టి మడి దాకా మోసేది నేను. మిక్సీ వద్దంటే రోట్లో రుబ్బేది నేను. మధ్యాహ్నం ఫ్యాను ఆపితే వంటింట్లో చెమట తుడుచుకునేది నేను. ఇంట్లో ఏది మిగిలినా అది ఎవరో ఒకరి నడుం మీదుగానే మిగులుతుంది. మా ఇంట్లో ఆ నడుం నాది. ఈ మాట బావతో చాలాసార్లు అన్నాను. "నిజమేనే" అనేవాడు, పాపం, కాదనేవాడు కాదు. అని మళ్ళీ స్విచ్చి దగ్గరికి పోయేవాడు.

తర్వాత బావ కాళ్ళు వాచాయి.

మా వైపు మనిషి కాళ్ళు వాస్తే ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు. కిడ్నీల జబ్బు ఇక్కడ కొత్త కాదు. ఎందుకొస్తుందో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు. నీళ్ళంటారు, ఎండంటారు, మందులంటారు. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా మా దగ్గర రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అన్న మాట తడుముకోకుండా వస్తుంది. పరీక్ష చేయించాం. రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నారు. మందులతో కొన్నాళ్ళు నడిచింది, తర్వాత నడవలేదు. సూదులు పెట్టడానికి వీలుగా చేతికి చిన్న ఆపరేషన్ చేసి, పట్నం ఆసుపత్రిలో రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేయించుకోవాలన్నారు. డయాలసిస్.

డాక్టరు ఒక చిన్న సీసా చూపించి, రోజంతా ఇంతే నీళ్ళు, టీ అయినా మజ్జిగ అయినా చారు అయినా అన్నీ ఇందులోకే వస్తాయి అన్నాడు. సొంత చెట్టు కొబ్బరిబొండం కూడా ముట్టొద్దన్నాడు. తిరుగు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని నవ్వుకున్నాడు. "నీల్లు దాసడం నాకు నేర్పుతన్నాడే డాక్టరు. నాకు!" అన్నాడు. నాకు కూడా నవ్వొచ్చింది. అలా ఇద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో ఇప్పుడు గుర్తు చేసుకుంటే దిగులేస్తుంది.

ఆసుపత్రి గదిలో వరసగా మంచాలు, మంచం పక్కన మంచమంత ఎత్తు మిషను. ఏసీ ఆగదు. పట్టపగలు కూడా లైట్లన్నీ వెలుగుతుంటాయి. మొదటి రోజు పడుకోబెట్టగానే బావ స్విచ్చులు ఎక్కడున్నాయో వెతికాడు. అక్కడి సిస్టరు మా వైపు పిల్లే, కలుపుగోలు మనిషి. "అవి ఆర్పకూడదు మావయ్యా, సూదులు కనపడాల మాకు" అంది. బావ ఈ మిషను ఏం చేస్తుందో చెప్పమన్నాడు. ఆ పిల్ల సంతోషంగా చెప్పింది. రక్తం ఒక పక్క నుంచి వస్తుందట, ఇంకో పక్క నుంచి నీళ్ళు పోతాయట, రక్తంలోని చెడు పల్చటి పొర దాటి ఆ నీళ్ళలోకి దిగిపోతుందట.

"ఎన్ని నీల్లు?"

"ఒక్కో మనిషికీ బిందెలకి బిందెలే మావయ్యా. అవి కూడా మామూలు నీల్లు పనికిరావు. వెనకాల ప్లాంటు ఉన్నాది, అక్కడ శుద్ధి సేసినవే రావాల. శుద్ధి సేసినప్పుడు పనికిరానివి గొట్టం లోంచి బయటికి పోతాయి."

పని పూర్తయ్యాక నేను మాత్రలు తీసుకుని వచ్చేసరికి బావ మంచం మీద లేడు. ఆసుపత్రి వెనక నిలబడి ఉన్నాడు. గోడలోంచి ఒక గొట్టం, అందులోంచి నీళ్ళు ధారగా మురిక్కాలవలోకి పోతున్నాయి. "సెయ్యి పెట్టి సూసినాను. సల్లగున్నాయే. మంచి నీల్లలాగే ఉన్నాయి" అన్నాడు. చేతికి కట్టిన కట్టు తడిసిపోయింది. నేను తిట్టి లాక్కొచ్చాను. ఆ తర్వాత అక్కడ కనపడ్డ ప్రతి మనిషినీ ఆ నీళ్ళకి ఒక తొట్టె కట్టించొచ్చు కదా అని అడిగాడు. అందరూ బాగుంటుందన్నారు. ఎవరి తొందర వాళ్ళది.

అప్పటి నుంచి మా ఇల్లు ఇంకా చీకటైంది. అక్కడ ఖర్చయినది ఇక్కడ రాబట్టాలని బావ పట్టుబట్టాడు. ఎండాకాలం నడిమధ్య ఫ్యాను వెయ్యనిచ్చేవాడు కాదు. స్నానం మానేసి తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకునేవాడు. సాయంత్రం అయితే నేను గుమ్మం దగ్గర కూర్చుని, వీధి దీపం వెలుగులో కూరగాయలు తరిగేదాన్ని. "ఎందుకు బావా ఇలగ సంపుతావు?" అంటే, "అక్కడ నా మూలాన అన్ని నీల్లు పోతన్నాయి కదే, ఇక్కడైనా తగ్గించాల" అనేవాడు. తనవల్ల ఎవరికో నష్టం జరుగుతున్నట్టు, ఆ బాకీ ఇంట్లో తీర్చాలన్నట్టు మాట్లాడేవాడు. రోజు విడిచి రోజు తెల్లారక ముందే లేచి అన్నం వండి, బస్సు పట్టుకుని, బయట బెంచీ మీద పూటంతా కూర్చుని, మళ్ళీ బస్సెక్కి వచ్చిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది? ఊరుకునేదాన్ని.

ఆ ఊరుకోవడంలోనే ఇంకోటి జరిగింది. డాక్టరు చెప్పిన చిన్న సీసా కూడా బావ పూర్తిగా తాగడం మానేశాడు. నాలుక ఎండిపోతే తడి గుడ్డ పెదాలకి అద్దుకునేవాడు. రాత్రికి సీసాలో మిగిలిన నీళ్ళు కుండలో పోసేసేవాడు. ఆసుపత్రిలో ప్రతిసారీ ముందు బరువు చూస్తారు. రెండు సార్ల మధ్య బరువు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరన్నమాట. బావ బరువు పెరగలేదు. సిస్టరు మెచ్చుకుంది. "ఈ గదిలో మీ అంత మాటినేవాలు లేరు మావయ్యా, ఒంట్లో నీరే సేరలేదు" అంది. బావ మొహంలో ఎన్నాళ్ళకో గర్వం చూశాను. బడిలో పిల్లలకి పలక మీద వెరీగుడ్ రాసిస్తే అలాగే ఉంటారు.

ఆ మెచ్చుకోలు నుంచి బావ తనకి కావలసిన అర్థం తీసుకున్నాడు. మర్నాడు పెరట్లో చిక్కుడు పాదుకి కర్రలు పాతుతూ చెప్పాడు. "నీల్లు తియ్యడానికే కదే మిసను. నా ఒంట్లో నీల్లే లేకపోతే అదేటి తీస్తాది? ఊరికే తిరుగుతాది. అన్ని బిందెలు, అంత కరెంటు దండగ. రేపు మానేద్దాం." వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. మోటారు వెయ్యకముందే తొట్టె నిండి ఉంటే మోటారెందుకు అన్నంత సరిగ్గా ఉంది. నిజం చెప్పొద్దూ, రేపు బస్సు కోసం పరిగెత్తక్కర్లేదు అనగానే నా ఒళ్ళు తేలికపడింది. ఆ రోజు మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

మానినా బావ బాగానే ఉన్నాడు. తర్వాతి దానికి వెళ్ళాడు, ఆ తర్వాతిది మళ్ళీ మానేశాడు. ఏదో దారి కనిపెట్టినవాడిలా హుషారుగా తిరిగాడు. మూడోసారి మానిన మర్నాడు పొద్దున్నే, నేను పొయ్యి దగ్గర ఉండగా, పెరటి మెట్ల మీద నుంచి "ఒసే" అని పిలిచాడు. ఆ పిలుపులో గొంతు లేదు. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు లేవడం లేదన్నాడు. గాలి ఆడడం లేదు. పెదాలు బూడిద రంగులోకి తిరిగాయి. ఆటో పిలిచి, నలుగురు పట్టి ఎక్కించి పట్నం తీసుకుపోయాం. దారంతా తన తల నా ఒళ్ళో ఉంది. బరువు పెరగని ఆ మనిషి ఆ రోజు నాకు మోయలేనంత బరువనిపించాడు.

ఒంట్లో ఉప్పులు పెరిగిపోయి గుండె దాకా వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమన్నాడు. మిషను పెట్టాక బావకి ఊపిరి ఆడింది. సిస్టరు కోపంతో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీల్లొక్కటేనా మావయ్యా మిసను తీసేది? తిన్న తిండి లోంచి వచ్చే సెడంతా రక్తంలోనే ఉండిపోతాది. మీరు నీల్లు మానీస్తే ఆ సెడు పోదు. నాను మెచ్చుకున్నది ఇందుకేటి?" అంది. బావ పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

ఇంటికి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సింది మర్నాడనగా, నేను సంచిలో దుప్పటి సర్దుతుంటే బావ అన్నాడు: "సర్దకు. ఇంక నానెల్లను."

కోపంగా అనలేదు. వాన పడదులే అన్నంత మామూలుగా అన్నాడు. నేను సంచి కింద పెట్టాను.

"మానీస్తే సచ్చిపోతావని సెప్పినారు కదా బావా."

"తెలుసే. మొన్న సూసినాను కదా ఎలగుంటాదో. గాని ఎంతకాలమని? నా ఒక్క మనిషి కోసం ఎడతెగకుండా అన్ని నీల్లు, అంత కరెంటు. పని సేసే ఒల్లు కాదు నాది, ఏటి కాదు. మాయమ్మ రెండు బిందెల కోసం జీడితోట దాటి ఎల్లేది. ఆ గొట్టం సూస్తే నాకు ఆవిడే కనిపిస్తన్నాదే. మంచం మీద పడుకుంటే సిగ్గుగుంటాది."

అప్పుడు నాకు ముంచుకొచ్చింది కోపమో ఏడుపో తెలియదు. ఇన్నేళ్ళ అలసట అనుకుంటాను. లేచి ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేశాను, పట్టపగలు. ఫ్యాన్లు వేశాను. పెరట్లో కుళాయి పూర్తిగా తిప్పి బకెట్ కూడా పెట్టకుండా వదిలేశాను. నీళ్ళు నేల మీద పడి కాలవ కట్టాయి. బావ అదిరిపడి లేవబోయాడు. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"కూకో. సూడు. పోనీ. నువ్వు నీ జలమలో ఎప్పుడైనా కడుపు నిండా నీల్లు తాగినావా? కలుపు తీసొచ్చి కూడా సెంబులో సగం తాగి సగం పాదుకి పోసినావు. ఫ్యాను కింద ఒక్క మజ్జానం పడుకున్నావా? లైటు కింద తిన్నగా అన్నం తిన్నావా? అందరికంటే తక్కువ వాడుకున్నావు బావా. నీ పాలికొచ్చినదాంట్లో నువ్వు ముట్టనిదే ఎక్కువ. ఇప్పుడు ఆ మిసను తాగుతన్నాది ఎవులి నీల్లనుకున్నావు? నీవే. నువ్వు తాగకుండా ఒగ్గీసినవే. ఎవులి నోటికాడివీ కావు. మాయత్త ఉంటే, తాగరా నాయినా అనేది. నాకు తెలుసు, నాను ఆవిడ మేనకోడల్ని."

నా గొంతు పక్కింటి దాకా వినపడి ఉంటుంది, వినపడనీ అనుకున్నాను. బావ కుళాయి వైపే చూస్తున్నాడు. కట్టెయ్యాలని చేతులు ఆడుతున్నాయి, కానీ లేవలేదు. లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. తనకి ఏ మాటైనా ఆ దారినే ఎక్కుతుంది.

కుళాయి మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "మరి నాను ఒగ్గీసినవన్నీ అయిపోనాక?"

నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"అయిపోనాక నావి వాడుకో" అన్నాను. "నీకంటే నానే ఎక్కువ దాసినాను. నువ్వు కట్టీసి ఎల్లిపోనావు, నాను మోసినాను."

బావ నా మొహం వైపు చూశాడు. అలా చూసి ఎన్నేళ్ళయిందో. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, వాటిని తుడుచుకోలేదు, ఆపుకోలేదు. పంచె మీద పడనిచ్చాడు. తర్వాత "రేపు ముందు బస్సు ఎన్నింటికే?" అని అడిగాడు.